కాళ్ల చేపలూ పెద్దిరాజు గారి తీర్పూ

పెద్దిరాజు గారు నా కొట్లో చేరేనాటికి ఆయనకు అరవై ఒకటి, నాకు నలభై రెండు. జీతమిచ్చేవాణ్ణి నేనే అయినా వయసులో పెద్దవారని నేను ఆయన్ని "గారు" అనేవాణ్ణి. వయసులో చిన్నవాణ్ణయినా కొట్టు యజమానినని ఆయన నన్ను "అండీ" అనేవారు. మా ఇద్దరి వరస చూసి కొనడానికొచ్చినవాళ్లు వియ్యంకులేమో అనుకునేవారు. గోదావరి జిల్లాల మర్యాద మీద లోకమంతా వేళాకోళాలు చేస్తుంది, మనమూ నవ్వుకుంటాం. కానీ ఆ మర్యాద వల్ల నిజంగానే ఒక ప్రాణం పోయింది. ఆ సంగతి రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నాది రాజమండ్రిలో అక్వేరియం కొట్టు. అద్దాల తొట్లు, గాలి మోటార్లు, రంగుచేపలు, వాటి మేత అమ్ముతాను. పెద్దిరాజు గారిది ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లె. వ్యవసాయదారుల ఇంట్లో నాలుగో కొడుకు. వాటాలు పడ్డాక చేతికొచ్చిన పొలం చెక్కతో సంసారం సాగక చేపపిల్లల హేచరీలో పనికి కుదిరారు. అక్కడ ముప్పై ఏళ్లు చేసింది ఒకటే పని. తల్లిచేపల్లో ఆడ ఏదో, మగ ఏదో చూసి వేరుచెయ్యడం.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. తొలకరి పడ్డాక శీలావతి, బొచ్చె చేపల్ని వలలో పట్టి, తలమీద తడిగుడ్డ కప్పి, వెల్లకిలా తిప్పి, అది గింజుకునేలోపు చెప్పెయ్యాలి. ఆడదానికి ఒక మోతాదు సూదిమందు, మగదానికి ఒక మోతాదు. చూపు తప్పితే సూది తప్పుతుంది, సూది తప్పితే గుడ్డు దిగదు. పొట్ట మెత్తగా ఉండి, గుడ్డు వచ్చే దారి ఉబ్బి ఎర్రబారితే ఆడది. పక్క రెక్క వేలితో రాస్తే గరుగ్గా తగిలి, పొట్ట నొక్కితే పాలలాంటి చుక్క వస్తే మగది. ఈ గుర్తులు ఆయనకు గాయత్రి కంటే బాగా వచ్చు.

తర్వాత యజమాని కొడుకు చెరువులన్నీ రొయ్యలకు మళ్లించాడు. రొయ్యపిల్ల బయటినుంచి సంచుల్లో వస్తుంది, అక్కడ పొట్టలు నొక్కి చూసేవాడితో పనిలేదు. పెద్దిరాజు గారినీ ఆయన విద్యనూ ఒకేరోజు ఇంటికి పంపేశారు. భార్య రత్నమాణిక్యం గారి చెల్లెలు రాజమండ్రిలో ఉంటే, ఆ దగ్గర్లో, ఆర్యాపురంలో రెండు గదులు తీసుకున్నారు. ఏమీ తోచక ఒకరోజు మా కొట్టు ముందు ఆగారు. అరగంట సేపు ఏంజెల్ చేపల తొట్టి ముందు నిలబడి, "ఆ మూలనున్న రెండూ జతండీ. విడదీసి అమ్మకండి, పాపం" అన్నారు. నాలుగో రోజుకు ఆ రెండూ ఆకు మీద గుడ్లు పెట్టాయి. ఐదో రోజు నేను ఆయన్ని వెతుక్కుంటూ ఆర్యాపురం వెళ్లాను.

ఆయన వచ్చాక కొట్టుకు కళ వచ్చింది. "జతలు రాజుగారే స్వయంగా చూసి చెబుతారు" అని బోర్డు రాయించి గుమ్మానికి తగిలించాను. ఆయన దాన్ని చూసి సిగ్గుపడి, "బోర్డెందుకండీ, తీయించేద్దురూ" అన్నారు. పెద్దమనిషి మొహమాటం అనుకుని నవ్వేశాను. ఏడాది తిరిగేసరికి తణుకు నుంచీ సామర్లకోట నుంచీ కూడా జనం సంచుల్లో చేపలు పట్టుకుని వచ్చేవారు. ఆయన చెప్పారంటే చెప్పారంతే. వాళ్ల నమ్మకం చూసి నాకు గర్వంగా ఉండేది. ఆయన విద్యకు నేనేదో గుడి కట్టించినట్టు.

కిందటి కార్తీక మాసంలో ఫణిశ్రీ అనే అమ్మాయి వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోంచే చేస్తుంది. తల్లి అమ్మణ్ణి గారితో కలిసి దానవాయిపేటలో ఉంటుంది. అసలు వాళ్లది కోనసీమ. ఆమె పెంచేవి చేపలు కావు, ఆక్సొలాటల్ అనే నీటి జంతువులు రెండు. జానెడు పొడుగు, నాలుగు కాళ్లు, తోక, మెడకు రెండు వైపులా ఈకల్లా మొప్పలు, ఎప్పుడు చూసినా నవ్వుతున్నట్టుండే మొహం. మన ఎండలకు అవి గంట బతకవు. నీళ్లు ఎప్పుడూ చల్లగా ఉండాలి. అందుకోసం ఆమె ఒక గదికి రోజంతా ఏసీ వేసి, తొట్టికి నీళ్లు చల్లబరిచే మిషను పెట్టింది. పిల్లలుగా ఉన్నప్పుడు తెప్పించుకుంది, అప్పటికి ఏడాది దాటింది. ఒకటి తెల్లది, ఒకటి నల్లది.

"వీటిలో ఆడా మగా ఉంటే ఒకే తొట్లో ఉంచకూడదటండీ" అంది ఫణిశ్రీ. "మగది ఆడదాన్ని వదలదట. తెరిపి లేకుండా గుడ్లు పెట్టీ పెట్టీ ఆడది చచ్చిపోతుందట. ఫొటోలు తీసి గ్రూపులో పెడితే తలో మాటా చెప్పారు. రాజుగారు ఒకసారి చూసి చెబితే, అవసరమైతే రెండో తొట్టి, రెండో మిషను పెట్టుకుంటాను."

పెద్దిరాజు గారు ఆ జంతువును ఎప్పుడూ చూడలేదు. ఫోన్లో బొమ్మ చూపిస్తే, "కాళ్ల చేపలాగుందండీ" అని ముచ్చటపడ్డారు. మర్నాడు వస్తామని చెప్పాం. ఆ మధ్యాహ్నం బేరాల్లేక నేను ఖాళీగా కూర్చుని ఫోన్లో వాటి గురించి చదివాను. నాలుగు చోట్ల చదివాను, నాలుగు చోట్లా ఒకే మాట ఉంది. ఎదిగిన మగదానికి వెనక కాళ్లు దాటాక, తోక మొదట్లో, ఉబ్బు ఉంటుంది. ఆడదానికి ఆ ఉబ్బు ఉండదు, పొట్ట మటుకు గుండ్రంగా ఉంటుంది. మన చేపలకు ఇది తలకిందులు. చదివి, ఫోను పక్కన పెట్టి, మేత పొట్లాలు కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న అమ్మణ్ణి గారు తలుపు తీశారు. "రండి రాజుగారూ! మీరైనా చెప్పండి దానికి. శ్రోత్రియుల కొంపలో ఫ్రిజ్ పక్కన వానపాముల డబ్బా ఏంటండీ? నేను చారులో కొత్తిమీర వెయ్యాలన్నా రెండుసార్లు చూసుకోవాల్సొస్తోంది" అన్నారు. అంటూనే మమ్మల్ని ఆ గదిలోకి తీసుకెళ్లి, తొట్టి మీద వేలితో తట్టి, "ఇదుగో తెల్లది. పిలిస్తే వస్తుంది" అని మురిసిపోయారు. నిజంగానే వచ్చింది.

పెద్దిరాజు గారు మోచేతుల దాకా చేతులు తడుపుకున్నారు. తడిగుడ్డలో ముందు నల్లదాన్ని పట్టి నీళ్లలోనే తిప్పారు. తోక మొదట్లో రెండు పక్కలా బాగా ఉబ్బి ఉంది. పొట్ట మీద బొటనవేలు ఆనీ ఆననట్టు నొక్కారు, ఏమీ రాలేదు. ముందు చెయ్యి వేళ్లను తన వేలితో రాసి చూశారు, నునుపుగా ఉంది. తర్వాత తెల్లదాన్ని పట్టారు. దానికి ఉబ్బు లేదు. పొట్ట మాత్రం నిండుగా, మెత్తగా ఉంది. దాని చేతులూ నునుపే. ముప్పై ఏళ్ల గుర్తులన్నీ ఒక్కొక్కటే సరిచూసుకుని, "ఆయ్. రెండూ ఆడవేనమ్మా" అన్నారు. "నల్లది పండింది, గుడ్డుకొచ్చింది. తెల్లది ఇంకా పండాలి. గరుకు ఎక్కడా తగల్లేదు, మగ లక్షణం లేదు. కలిపే ఉంచుకోండి."

అని నా వైపు తిరిగి చూశారు. ఒక్క నిమిషం చూస్తూనే ఉన్నారు.

నా నోటిదాకా వచ్చింది. "కాదేమోనండీ, నేను వేరేగా చదివాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఎదురుగా ఫణిశ్రీ, పక్కన అమ్మణ్ణి గారు ఇత్తడి గ్లాసుల్లో కాఫీలతో నిలబడ్డారు. అరవై దాటిన మనిషిని, నా కొట్టుకు పేరు తెచ్చిన మనిషిని, పరాయి ఇంట్లో నలుగురి ముందు తప్పని ఎలా అనను? ఫోన్లో చదివిన ముక్క ఎక్కడ, ముప్పై ఏళ్ల చెయ్యి ఎక్కడ? పైగా గుమ్మానికి ఆ బోర్డు ఒకటి. "రాజుగారు చెప్పారుగా అండీ, ఇంకేం" అన్నాను. ఫణిశ్రీ మొహం తేటపడింది. రెండో తొట్టి మాట అంతటితో మరిచిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద, వెనక కూర్చున్న ఆయనతో, గాలిలో కలిసిపోయేంత మెల్లగా అన్నాను. "వీటిలో ఉబ్బు మగదానికి ఉంటుందని కూడా అంటారట కదండీ" అని. ఆయనకు సగమే వినబడిందో ఏమో, "ఏంటండీ? గుడ్డు వచ్చే దారి కదండీ ఉబ్బుద్ది" అన్నారు. "అవునవును" అన్నాను. స్కూటరు ఆపి, కళ్లలోకి చూసి చెప్పాల్సిన మాటను అలా రోడ్డు మీద జారవిడిచి, చెప్పాననిపించుకున్నాను. నా బతుకంతా ఇలాంటి చెప్పడాలే.

మార్గశిరంలో ఫణిశ్రీ ఫోను చేసింది. తొట్లో మొక్కల నిండా గుడ్లు, వందలు. నేను చదివిందే నిజమైందనుకున్నాను. పెద్దిరాజు గారు మాత్రం పొంగిపోయారు. "చెప్పాను కదమ్మా నల్లది పండిందని! పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెట్టదూ? అవి వట్టి గుడ్లు. తీసి పారెయ్యండి. నల్లదానికి మేత బాగా వెయ్యండమ్మా, బాలింత కదా." ఆయన అంత ధీమాగా చెబుతుంటే విని, నేనే తప్పు చదివానేమో అనుకున్నాను. అనుకోవడం హాయిగా కూడా ఉంది. ఏది పెట్టిందో ఎవరూ చూడలేదు మరి. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఇక్కడ మొహమాటం నాది, కడుపు ఆ తెల్లదానిది.

అప్పటినుంచి ఆ ఇంట్లో నల్లదానికి బాలింత మర్యాదలు జరిగాయి. వానపాముల డబ్బా అంటే ముక్కు మూసుకునే అమ్మణ్ణి గారు పటకారుతో తానే తీసి, పెద్దవి ఏరి నల్లదానికి పెట్టేవారట. పుష్యమాసంలో మళ్లీ గుడ్లు. మాఘం మొదట్లో మళ్లీ. తెల్లది చిక్కిపోతోందని ఫణిశ్రీ రెండోసారే చెప్పింది. "పెద్దది మేతంతా తినేస్తున్నట్టుందమ్మా, దీనికి విడిగా వెయ్యండి" అన్నారు పెద్దిరాజు గారు. ఆయన ఫోను పెట్టేశాక నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని, "ఇవాళ చెప్పెయ్యాలి" అనుకున్నాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆలస్యమైన కొద్దీ నిజం చెప్పడం కష్టమవుతుంది. అది తెలిసి కూడా ఇంకో రోజు ఆలస్యం చేస్తాం.

నిజం బయటపెట్టింది అమ్మణ్ణి గారు. గుడ్లు పారెయ్యడానికి ఆవిడకు మనసొప్పలేదు. మూడోసారి పెట్టినప్పుడు, కూతురికి తెలియకుండా ఒక మొక్క కొమ్మను గుడ్లతో సహా ఊరగాయ సీసాలో నీళ్లుపోసి, ఆ ఏసీ గదిలోనే పుస్తకాల వెనక దాచారు. పన్నెండు రోజులకు కొట్టుకు ఫోను చేశారు. ఫోను ఎత్తింది పెద్దిరాజు గారే. స్పీకర్లో ఉండటం వల్ల నాకూ వినబడింది.

"రాజుగారూ, పుంజు లేకుండా పిల్లలెలా వచ్చాయండీ? సీసాలో తోకలేసుకుని కదులుతున్నాయి!"

 ఆయన ఫోను బల్లమీద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, "పదండి" అన్నారు నాతో.  వెళ్లగానే సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశారు. జిగురు బుడగల్లో, బియ్యపుగింజంత నల్లటి ప్రాణాలు మెలికలు తిరుగుతున్నాయి. సీసా దించి తొట్టి దగ్గరికెళ్లారు. నల్లది దుక్కలా ఉంది. తెల్లది ఒక మూల, తోక చివర చుట్టచుట్టుకుని, మొప్పలు ముందుకు ముడుచుకుని, ఎముకల గూడులా పడి ఉంది. అమ్మణ్ణి గారు వేలితో తట్టారు. అది రాలేదు.

"ఉబ్బింది మగదమ్మా" అన్నారు పెద్దిరాజు గారు.  "నేను తలకిందులుగా చెప్పాను. మగదానికి మేత పెట్టించి, ఆడదాని కడుపు ఎండగట్టాను."

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తొట్టి తెస్తానని కొట్టుకు పరిగెత్తాను. తెల్లదాన్ని వేరే తొట్లో పెట్టాం. రెండో మిషను అప్పటికప్పుడు దొరకలేదు. పెద్దిరాజు గారు రెండు రోజులు ఆ గదిలోనే నేలమీద కూర్చున్నారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు మార్చి మార్చి తొట్లో వేశారు. వానపామును సన్నగా తుంచి, దాని నోటి ముందు ఆడించి, "తిను తల్లీ, ఒక్క ముక్క తిను" అని బతిమాలారు. అది ఒకసారి నోరు తెరిచింది, ముక్క లోపలికి పోలేదు, నీళ్లలో తేలింది. ఏసీలో ఆయనకు వణుకు పుడుతుంటే ఫణిశ్రీ శాలువా తెచ్చి కప్పింది. ఆ పిల్ల ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండో రోజు మధ్యాహ్నం అది పక్కకు ఒరిగిపోయింది. మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది. అమ్మణ్ణి గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. పెద్దిరాజు గారు దాన్ని గుడ్డలో చుట్టి, పెరట్లో నందివర్ధనం మొదట్లో తానే గొయ్యి తీసి పెట్టారు. ఫణిశ్రీ చేతులకు నీళ్లు పోస్తూ, "మీరు తెలిసి చెప్పలేదుగా రాజుగారూ" అంది. ఆయన తల ఊపారు. ఆ పిల్ల ఆయనకు ఇచ్చిన ఓదార్పు అదొక్కటే. దాన్నే పట్టుకుని ఆయన మెట్లు దిగారు.

కొట్టుకొచ్చాం. ఆయన స్టూలు మీద కూర్చుని తన అరచేతులకేసి చూసుకుంటున్నారు. నాకు భరించడం కష్టమైంది. పాపం ఒక్కరే మోస్తున్నారు కదా, సగం నేను పంచుకుందామన్న గొప్ప ఆలోచన వచ్చింది. తెలివితక్కువవాడికి మంచి బుద్ధి పుడితే అంతకంటే ప్రమాదం ఉండదు.

"మీ ఒక్కరి తప్పే కాదండీ" అన్నాను. "నాకూ తెలుసు. మనం వాళ్లింటికెళ్లే ముందు రోజే చదివాను. ఉబ్బు మగదానికి ఉంటుందని."

ఆయన తలెత్తారు. "ముందు రోజా అండీ?"

"అవునండీ."

"నేను రెండూ ఆడవే అన్నప్పుడు మీకు తెలుసా?"

"అనుమానం ఉందండీ. మీరు పెద్దవారు, నలుగురి ముందు ఎలా అనడమని..."

  ఆయన కోపం లేకుండా, నాకు లెక్కల పాఠం చెప్పినట్టు చెప్పారు.

"హేచరీలో చేపను ఒక్కడే చూడడండీ. నేను పట్టుకుని ఆడ అంటాను. పక్కన రెండోవాడు ఉంటాడు. వాడు మళ్లీ పట్టుకుని చూస్తాడు. వాడూ ఆడ అంటేనే సూది. కాదంటే మళ్లీ నా చేతికొస్తది. వాడు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నోడైనా సరే, కూలికొచ్చినోడైనా సరే, కాదంటే కాదే. నన్ను ఎన్నిసార్లు కాదన్నారో చెప్పలేనండి. పదిసార్లలో రెండుసార్లు వాళ్లే రైటు. ఎప్పుడూ చిన్నతనం అనుకోలేదు. నా చేతిలో తప్పు జరగదని ఊళ్లో పేరుండేది. ఆ పేరు ఆ రెండోవాడిదండీ, నాది కాదు."

భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆ రోజు చెప్పేశాక మీకేసి చూశానండి. కొత్త జంతువు, నాకు భయంగానే ఉంది. మీరు కాదంటారేమోనని ఆగాను. మీరు సరేనన్నారు. రెండో చెయ్యి కూడా పడింది కదా అనుకున్నాను."

 ఆయన లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కున్నారు. "వస్తానండీ" అన్నారు. మామూలుగా రోజూ అన్నట్టే అన్నారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వచ్చినవాళ్లందరూ రాజుగారేరని అడుగుతుంటే బోర్డు విప్పి లోపల పడేశాను.

వారం తర్వాత ఆర్యాపురం వెళ్లాను. రత్నమాణిక్యం గారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నన్ను చూసి లేచి కుర్చీ వేశారు. ఆయన ఊరు వెళ్లారని, అన్నగారి చెరువు గట్టు మీద కాపలా పనికి ఒప్పుకున్నారని, సామాను సర్దుకుని తననూ వచ్చే నెల రమ్మన్నారని చెప్పారు. ఈ వయసులో కాపలా ఏంటని ఎంత అడిగినా జవాబు చెప్పలేదట. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా "నాకు తెలీదే, నువ్వే చూడు" అంటున్నారట. ఆవిడ మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చి కాసేపు నా మొహంలోకి చూశారు.

"అడక్కూడదు గానీ, శివరామకృష్ణ గారూ, ఆయన్ని మీరేమన్నా అన్నారా అండీ?"

"అయ్యో, లేదమ్మా" అన్నాను. "నేనేమీ అనలేదు."